రెండో తాళంచెవి

నన్ను పెళ్లి చేసుకోవడానికి ఒప్పుకునే ముందు మా ఆవిడ రెండే ప్రశ్నలు అడిగింది. "పురుగుల్ని చేత్తోనే పట్టుకుంటారా?" అంది. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "ఇంటికి రాగానే చేతులు కడుక్కుంటారా?" అంది. అదీ అవునన్నాను. సంబంధం కుదిరిపోయింది. ముప్పై ఏళ్ల పైచిలుకు పట్టుపురుగులు పెంచే శాఖలో పనిచేసి, ఈమధ్యే రిటైరై హిందూపురంలో ఇంటిపట్టున కూర్చున్నాను. మా ఆఫీసును జనం పురుగులాఫీసు అనేవాళ్లు, నన్ను పురుగుల సారు అనేవాళ్లు. కొత్తలో చిన్నతనంగా ఉండేది. పోనుపోను, ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పిలిచింది నన్ను కాదేమో అనిపించేది.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీకోసం ఇది రాస్తున్నాను. మీ పైన ఉండే సార్లూ మేడమ్‌లూ చదివితే మరీ మంచిది. ఇందులో నేను గొప్పగా చేసిందేమీ లేదు. ఒక మంచి మనిషి నాకు చేసిన మేలును ఏళ్ల తరబడి తప్పుగా అర్థం చేసుకుని, ఆ తప్పునే నా కింద పనిచేసిన వాళ్లందరికీ పంచిపెట్టాను. ఆ సంగతే చెప్పబోతున్నాను.

ముందు నా గుణం చెప్పాలి. నేను అనుమానపు మనిషిని. ఇంటికి తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. బస్టాండు దాకా వెళ్లి, స్టవ్ ఆపానో లేదో అని వెనక్కి వచ్చిన రోజులున్నాయి. అలాంటివాడికి మొదటి పోస్టింగు ఎక్కడ పడిందో చూడండి. పెనుకొండ దగ్గర చాకీ కేంద్రంలో. చాకీ అంటే పసిపురుగుల పెంపకం. గుడ్లు పొదిగించి, పుట్టిన పురుగుల్ని రెండు జ్వరాలు దాటేదాకా మేమే సాకి రైతులకు ఇస్తాం. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, ఒక రోజు కదలకుండా ఉండిపోయి, పాత చర్మం వదిలి లేస్తుంది. దాన్నే మావాళ్లు జ్వరం అంటారు.

గుడ్డు లోపల పురుగు తయారవుతున్నప్పుడు పైకి నల్లటి చుక్క కనబడుతుంది. చుక్క కనబడిన రోజున గుడ్ల అట్టల్ని నల్లగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేస్తాం. రెండు రోజులు వాటికి వెలుతురు సోకకూడదు. ముందే తయారైనవి ఆ చీకట్లో ఆగుతాయి, వెనకబడినవి ఈలోగా అందుకుంటాయి. మూడో రోజు పొద్దున్నే బయటికి తీసి వెలుతురు చూపిస్తే గంటా రెండు గంటల్లో అన్నీ కలిసి పుడతాయి. అన్నీ కలిసి పుడితేనే కలిసి తింటాయి, కలిసి జ్వరానికి పోతాయి, రైతుకు పంట చేతికొస్తుంది. ఆ రెండు రోజులూ మనం చేయాల్సిన పని, పెట్టె జోలికి పోకుండా ఉండటం. తాళం మూడుసార్లు లాగి చూసేవాడికి ఇంతకంటే కష్టమైన పని ఇంకేముంటుంది?

మా పై అధికారి హిందూపురం ఆఫీసులో ఉండేవాడు. ధర్మవరం మనిషి. వారానికి రెండుసార్లు తెల్ల స్కూటరు మీద కేంద్రానికి వచ్చేవాడు. ఆయనకు రెండు అలవాట్లుండేవి. ఏది అడిగినా జవాబు చెప్పేవాడు కాదు. "నువ్వేమనుకుంటాండావు?" అని తిరిగి నన్నే అడిగేవాడు. మొదటి నెలంతా ఈయనకు పాపం ఏమీ తెలియదేమో అనుకున్నాను. రెండో అలవాటు ఇంకా వింత. కేంద్రం గడప దగ్గర నిలబడి, "లోపలికి రావచ్చునా?" అని అడిగేవాడు. నేను రమ్మన్నాకే గడపలో ఉన్న మందునీళ్ల తొట్టిలో కాళ్లు తడుపుకుని లోపలికి వచ్చేవాడు. అంత పెద్దాయన ఇరవై నాలుగేళ్ల కుర్ర ఉద్యోగి అనుమతి కోసం వాకిట్లో నిలబడటం రైతులు వింతగా చూసేవాళ్లు. ఒకసారి నేనే సిగ్గుపడి, "మీరు అడగడమేంటి సార్" అన్నాను. "ఈ యిల్లు నీదబ్బా. నేను చుట్టాన్ని" అన్నాడు.

నా చేతి మీదుగా జరిగిన మొదటి విడత సంగతి చెబుతాను. పద్దెనిమిది మంది రైతుల గుడ్లు. చుక్క చూశాను, చుట్టాను, పెట్టాను. రెండో రోజు పొద్దున అనుమానం మొదలైంది. చుక్క సరిగ్గానే చూశానా? కొన్నిటికి చుక్క రాకముందే చుట్టేశానేమో? ఇక ఉండబట్టలేదు. పెట్టెను కిటికీ దగ్గరికి తెచ్చి, గుడ్డ విప్పి, భూతద్దం పెట్టి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది. మళ్లీ చుట్టబోతున్నాను, అంతలో చిలమత్తూరు వైపు రైతు ఒకాయన గేటు దగ్గర నిలబడి కేకేశాడు. ఆయన తోటలో ఆకుకు తెగులు పట్టిందట. ఒక్క నిమిషమే కదా అని వెళ్లాను. నాకు తెలిసిన విషయం ఎవరైనా అడిగితే నేను నిమిషంలో ఆపే మనిషిని కాను. అరగంట ఉపన్యాసం ఇచ్చి లోపలికి వచ్చేసరికి అట్టల మీద నూగులాంటి నల్లటి పురుగులు పాకుతున్నాయి.

కేంద్రంలో ఆకు తరిగే ఆయమ్మ కత్తిపీట చేత్తో పట్టుకుని నా వెనకే వచ్చి నిలబడింది. "ఏమి సారూ, రేప్పొద్దున కదా పుట్టాల్సింది?" అంది.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. గబగబా గుడ్డ చుట్టేశాను. మూసేస్తే పుట్టినవన్నీ మళ్లీ గుడ్డులోకి వెళ్లిపోతాయని అనుకున్నానో ఏమో! ఆయమ్మ నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. సరిగ్గా ఆ రోజే సారు రావాల్సిన రోజు.

దాచేద్దామనే అనుకున్నాను. ఎలా దాస్తానో తెలియదు కానీ నిర్ణయమైతే చేసేసుకున్నాను. పది గంటలకు స్కూటరు చప్పుడైంది. ఆయన గడప దగ్గర నిలబడి ఎప్పటిలాగే, "రావచ్చునా?" అన్నాడు. రండి అంటే లోపల చూపించాలి. నోటికొచ్చింది అనేశాను. "వద్దు సార్."

ఆయన ఆశ్చర్యపోయినట్టు కూడా కనిపించలేదు. "సరే, నువ్వు రమ్మనేదాకా ఈడనే కూచుంటా" అని మెట్టు మీద కూర్చున్నాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయనను అలా ఎండలో కూర్చోబెట్టి నేను లోపల ఎంతసేపు నిలబడగలను? ఐదు నిమిషాలకే బయటికి వచ్చి అంతా చెప్పేశాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను కూడా. ప్రొబేషన్ పూర్తి కాలేదు. ఉద్యోగం పోతుందని ఒక భయం. దానికంటే పెద్దది, ఈ పనికి నేను తగననే భయం. రైతుల మొహం ఎలా చూడాలి?

"ఇప్పుడేం చేస్తావు?" అన్నాడు.

"మీరే చెప్పండి సార్."

"నేను ఈపొద్దు సెలవులో ఉండాననుకో. ఏం చేస్తావు?"

కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. మనిషి మునిగిపోతుంటే ఈత ఎలా కొడతావని అడుగుతాడేమిటి ఈయన అనుకున్నాను. అయినా వేరే దారి లేక ఆలోచించాను. ఈ రోజు పుట్టినవాటిని విడిగా తీసి వేరే తట్టల్లో పెడితే? రేపు పుట్టేవాటిని వాటితో కలపకుండా ఉంటే? రెండు గుంపులుగా సాకి, ముందు గుంపును దగ్గరి ఊరి ఆరుగురికి, వెనక గుంపును మిగతావాళ్లకు ఇస్తే? నసుగుతూ నసుగుతూ చెప్పాను. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. లేచి చొక్కా చేతులు మడిచాడు.

"అయితే నాకు పని చెప్పు."

నాకు అర్థం కాలేదు.

"రెండు గుంపులంటే పని రెండింతలు కదబ్బా. నన్నేం చేయమంటావో చెప్పు."

ఆకు తరగమన్నాను. మా సారు కాళ్లు తడుపుకుని లోపలికి వచ్చి, ఆయమ్మ పక్కన చాప మీద కూర్చుని లేత మల్బరీ ఆకు తరిగాడు. ఆయమ్మ ఊరుకుంటుందా? "ఇంత లావుగా కోస్తే పసివి యెట్ల తింటాయి సారూ? సన్నంగా కొయ్యండి" అని గదమాయించింది. ఆయన బుద్ధిగా సన్నగా తరిగాడు. కోడి ఈకతో పురుగుల్ని అట్టల మీది నుంచి తట్టలోకి దించుతూ నేను ఆ పూటలో మొదటిసారి నవ్వాను.

సాయంత్రం రైతుల్ని పిలిపించాం. పిలిపించమన్నది నేను కాదు, ఆయన. "దాచిపెట్టినంతసేపూ నీకు నిద్ర పట్టదు. చెప్పేయ్" అన్నాడు. వరండాలో అందరూ కూర్చున్నారు. సారు నా పక్కన నిలబడతాడనుకున్నాను. ఆయన పోయి రైతుల మధ్యలో, వెనక వరసలో చాప మీద కూర్చున్నాడు. పెట్టె తెరిచింది నేనేనని చెప్పాను. ఒకాయన లేచి నావైపు కూడా చూడకుండా వెనక్కి తిరిగి, "పోయిన పంట ఊజీ ఈగ కొట్టి పాయె. ఇదీ పోతే నేనేం కావాల సారూ? మీరు చెప్పండి" అన్నాడు.

సారు కూర్చున్న చోటినుంచే, "నేను గూడా ఆ సారు చెప్పేది ఇందామనే వచ్చినానప్పా" అన్నాడు.

అందరి తలలూ నావైపు తిరిగాయి. గూళ్లు కట్టేదాకా రోజూ మీ ఇంటికి వస్తాను అని చెప్పాను ఆ రైతుకు. ఏ తట్టలో తేడా కనబడినా నన్నే అడగమన్నాను. ముందు వరసలో ఒక అవ్వ ఉండేది, ముగ్గురు కోడళ్లతో కలిసి పురుగులు సాకే మనిషి. "అన్నం పొయ్యిమీదుంటే మూత దీసి సూడని ఆడది యాడన్నా ఉండాదా?" అంది పక్కవాళ్లతో. "ఈ సారూ అట్లే సూసినాడు. సూసినానని సెప్పుకున్నాడు కదా, సాలు." నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లోనే సభ ముగిసింది.

ఆ నెలంతా సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగాను. ఇద్దరి పంటలో పురుగులు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నాయి, మిగతావి బాగానే గూళ్లు కట్టాయి. కోపగించుకున్న ఆ రైతు పంట ముగిశాక నా సైకిలు హ్యాండిలుకు వేరుశనక్కాయల సంచి తగిలించి మాట్లాడకుండా వెళ్లిపోయాడు. సారు పై ఆఫీసుకు ఏం రాశాడో నాకు తెలియదు. నాకు మెమో మాత్రం రాలేదు.

తర్వాతి విడత గుడ్లు వచ్చాయి. చుక్క చూసి, చుట్టి, పెట్టెలో పెట్టాను. అసలు ముఖ్యమైన రోజు ఇదే. సారు వచ్చాడు. కేంద్రానికి రెండు తాళంచెవులుండేవి. ఒకటి నా దగ్గర, రెండోది ఆయన దగ్గర. ఆయన తన గుత్తిలోంచి ఆ రెండోదాన్ని గోటితో కష్టపడి ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"రెండూ నీ దగ్గరే పెట్టుకో. నేను ధర్మవరం పోతాండా. ఇంట్లో పనుండాది. మూడోనాడు సాయంత్రం వస్తా."

"ఏమైనా అయితే సార్?"

"అయితే నువ్వుండావు కదా."

ఆ రెండు రోజులూ నేను పెట్టె ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు. వరండాలో తిరిగాను. చెట్లకు నీళ్లు పోశాను. పోసినవాటికే మళ్లీ పోశాను. ఆయమ్మ నా అవస్థ చూసి జాలిపడింది. రోడ్డుకు అవతల టీ అంగడి ఉండేది. అటు చూపించి, "భయపడొద్దు సారూ. మన సారు యాడికీ పోల్యా. ఆ అంగట్లో కూచోని నిన్నే చూస్తాంటాడు. అదో, స్కూటర్ కనపడల్యా?" అంది.

చూశాను. అంగడి పక్కన వేపచెట్టు చాటున తెల్ల స్కూటరు సగం కనబడుతోంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఊరికి పోతున్నానని చెప్పి, నాకు ధైర్యం రావాలని తాళంచెవి ఇచ్చి, ఏమైనా అయితే ఆదుకోవడానికి ఎదురుగానే కూర్చున్నాడన్నమాట! ఎంత గొప్ప మనిషి అనుకున్నాను. మూడో రోజు పొద్దున వెలుతురు పడగానే గుడ్డ విప్పాను. గంటన్నరలో అట్టలన్నీ నల్లగా కదిలాయి. ఒక్కటీ వెనకబడలేదు. నేను వరండాలోకి వచ్చి టీ అంగడి వైపు చెయ్యెత్తి ఊపాను. అక్కడినుంచి ఎవరూ ఊపలేదు. దొరికిపోతానని దాక్కున్నాడులే అనుకున్నాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. తట్టలు చూశాడు. "కలిసి పుట్టినాయి" అన్నాడు, అంతే. టీ అంగడి సంగతి నేను ఎత్తలేదు. ఆయన గుట్టు కాపాడటం నా ధర్మం అనుకున్నాను. రెండో తాళంచెవి ఆయన మళ్లీ తీసుకోలేదు.

ఏళ్లు గడిచాయి. ఆయన రిటైరై ధర్మవరంలో స్థిరపడ్డాడు. నేను ప్రమోషన్ మీద అదే హిందూపురం ఆఫీసులో, అదే కుర్చీలో కూర్చున్నాను. ఆయన దగ్గర నేర్చుకున్నదంతా అచ్చం అలాగే చేశాను. గడప దగ్గర నిలబడి అడిగాను. జవాబులు చెప్పకుండా ప్రశ్నలు వేశాను. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ రెండో తాళంచెవి ఇచ్చి, ఊరికి పోతున్నానని చెప్పి, పెనుకొండ టీ అంగట్లో బెంచీ మీద కూర్చుని చూశాను. నమ్మకం పెంచడం అంటే అదేనని నా నమ్మకం. ఒకతను బదిలీ మీద వెళ్లిపోతూ, "ఆ అంగట్లో టీ అంత బాగుండదు కదా సార్, యెట్ల తాగుతారు?" అన్నాడు. అమాయకంగా అడిగాడనుకుని, అలవాటైపోయిందయ్యా అన్నాను.

చివరగా ఆ కేంద్రానికి వచ్చింది మడకశిర వైపు అమ్మాయి. చదువులో ఫస్టు. కన్నడం వచ్చిన రైతులతో కన్నడంలో, తెలుగువాళ్లతో తెలుగులో గలగలా మాట్లాడేది. కానీ పెట్టె విప్పే రోజున మాత్రం ఆమె చేతులు వణికేవి. రెండు విడతల్లో గుడ్ల అట్టలు జారి కింద పడబోయాయి. ఆకు కొలత తప్పింది. ఈ పని తనవల్ల కాదని, బెంగళూరులో ఏదో కంపెనీకి దరఖాస్తు పెట్టానని నాతో చెప్పింది. నాకు బాధేసింది. ఇంత ధైర్యం ఇస్తున్నా ఈ అమ్మాయికి ధైర్యం రావడం లేదేమిటి అని టీ అంగట్లో ఇంకో గంట ఎక్కువ కూర్చున్నాను.

ఒకరోజు ఆమె రోడ్డు దాటి నా బెంచీ దగ్గరికే వచ్చింది. "ఈడ కూచునే బదులు లోపలికే రాండి సార్. చక్కెర తక్కువేసి టీ నేనే పెడ్తా" అంది. నవ్వుతూనే అంది కానీ కళ్లలో నవ్వు లేదు.

నా రిటైర్మెంటుకు రెండు నెలల ముందు, వీడ్కోలు సభకు పిలుద్దామని ధర్మవరం వెళ్లాను. సారు బాగా ముసలాయన అయ్యాడు కానీ మాట అదే మాట. ఆయన భార్య కాఫీ ఇచ్చింది. ఇన్నేళ్లుగా దాచుకున్న కృతజ్ఞత అంతా ఆ పూట బయటపెట్టేశాను. "ఆ రోజు మీరు టీ అంగట్లో కూర్చుని నన్ను కాచుకున్నారు సార్. నాకు తెలుసు" అన్నాను.

"ఏ టీ అంగడి?"

"పెనుకొండలో సార్. తాళంచెవి ఇచ్చి ఊరికి పోతున్నానని చెప్పి..."

"పోయినాను కదబ్బా."

నేను నవ్వాను. "స్కూటర్ చూశాను సార్. వేపచెట్టు చాటున."

"నా స్కూటరు ఆ పొద్దు హిందూపురం స్టేషన్ కాడ ఉండె. నేను రైల్లో వస్తి. తెల్ల స్కూటర్లు అప్పుడు ఊరినిండా ఉండె కదప్పా" అన్నాడు. లోపలినుంచి ఆయన భార్య కూడా అందుకుంది. "ఆ రెండు దినాలు మా తమ్ముడి మగ్గం కాడ్నే కూచోనుండె నాయనా. నేయను రాదు, ఏం రాదు, ఊరికే కూచోని వాని పని చెరుపుతా ఉండె."

ఆయన నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "నాకేం భయం ల్యాదనుకుంటివా? పద్దెనిమిది మంది పంట. మీ కేంద్రం పక్కన ఎరువులంగడి ఫోన్ నంబరు నా జేబులోనే ఉండె. ఎస్టీడీ బూత్ దాకా మూడు తూర్లు పోయి తిరిగొస్తి. నాలుగో తూరి పోతాంటే ఈమె గుడ్లురిమింది."

"ఎందుకు చేయలేదు సార్?"

"నిన్ను చూస్తా కూచోవాలనుకుంటే తాళంచెవి యిచ్చేదెందుకబ్బా?"

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నా బెంచీ గురించే ఆలోచించాను. ఆయన నాకు ఇచ్చింది నమ్మకం. నేను నా వాళ్లకు ఇచ్చింది కాపలా. నల్లగుడ్డ విప్పి భూతద్దం పెట్టిన ఇరవై నాలుగేళ్ల కుర్రాడే ఇన్నేళ్లూ ఆ బెంచీ మీద కూర్చున్నాడు. నాకు ఎంత సిగ్గేసిందంటే, టికెట్ అడిగిన ఆయనకు తాళంచెవుల గుత్తి తీసి చూపించాను.

నా సర్వీసులో చివరి విడత గుడ్లు వచ్చాయి. మడకశిర అమ్మాయికి తాళంచెవి ఇవ్వాల్సిన పని లేదు, ముందే ఇచ్చాను కదా. "రేపు పెట్టె విప్పే రోజు. నేను ధర్మవరం పోతున్నాను" అని చెప్పాను. "సరే సార్" అంది. ఆమె ఒక్క ముక్క నమ్మలేదని మొహంలోనే కనబడింది. ఎలా నమ్ముతుంది?

మర్నాడు చీకటితోనే లేచి హిందూపురంలో రైలెక్కాను. పెనుకొండలో రైలు ఆగింది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. దిగి ఆటో ఎక్కితే కేంద్రం ఎంతో దూరం లేదు. తలుపు దాకా వెళ్లాను. ఎక్కుతున్న ఒకావిడ, "దిగుతావా, దావిస్తావా?" అంది. దారి ఇచ్చాను. రైలు కదిలాక వచ్చి నా సీట్లో కూర్చున్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

సారు నన్ను వాళ్ల బావమరిది మగ్గం దగ్గరికే తీసుకెళ్లాడు. ఆయనకూ తల నెరిసింది, మగ్గం మాత్రం ఆడుతూనే ఉంది. నేను ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఆ అమ్మాయి ఫోన్ చేయలేదు. "అప్పుడు నాకు బూత్ వీధి చివర ఉండె" అన్నాడు సారు. "నీకు పాపం అరచేతిలోనే ఉండాది." ఆయన భార్య వచ్చి, "ఇట్ల ఇయ్యప్పా" అని ఫోను లాక్కుని పట్టుచీరల బీరువాలో పెట్టి తాళం వేసింది. బావమరిది మగ్గం ఆపి నవ్వాడు. పదకొండైంది. మధ్యాహ్నమైంది. అన్నం తిన్నాను కానీ ఏం తిన్నానో గుర్తులేదు. సాయంత్రం ఫోను చేతికిచ్చారు. ఆమె నుంచి ఒక్క కాల్ కూడా లేదు.

రాత్రి ఇల్లు చేరి మా ఆవిడకు చెబితే, "తాళం లాగి చూడకుండా ఒక్క రోజు ఉన్నారన్నమాట" అంది.

మర్నాడు పెనుకొండ వెళ్లాను. గడప దగ్గర నిలబడి, "రావచ్చునా?" అన్నాను. కాళ్లు తడుపుకుని లోపలికి వెళ్లాను. తట్టల నిండా పురుగులు, అన్నీ ఒకే ఈడువి, సన్నగా తరిగిన ఆకు మీద పాకుతున్నాయి. ఒక్క అట్టలో కూడా పుట్టకుండా మిగిలినవి లేవు. ఆ అమ్మాయి తడిగుడ్డతో కిటికీ తుడుస్తోంది.

"ఫోన్ ఎందుకు చేయలేదమ్మా?" అన్నాను.

"ఎందుకు సార్? అంతా బాగుండాది కదా" అంది. తర్వాత గుడ్డ పిండుతూ, నావైపు చూడకుండా చెప్పింది. "నిన్న తెల్లార్తానే టీ అంగడి కాడికి పోయి చూసొచ్చినా సార్. మీరు లేరు. వేపచెట్టు ఎనక గూడా చూసినా. బెంచీ ఖాళీగా ఉండె. అప్పుడొచ్చి గుడ్డ విప్పినా."

పిండిన గుడ్డను కిటికీ ఊచ మీద ఆరేసింది.

"చేతులు వణకలే సార్" అంది.